వెర్లన్ టిడ్‌మోర్ ఖాళీ శనివారం

మా మామగారు వెర్లన్ టిడ్‌మోర్ నన్ను మొదటిసారి చూసినప్పుడు నా పేరు అడగలేదు, ఉద్యోగం అడగలేదు. గుమ్మంలో అడ్డంగా నిలబడి, "నదికి ఏ ఒడ్డు వాడివి?" అన్నారు.

"అవతలి ఒడ్డు సార్," అన్నాను.

"అంటే గాడిదవన్నమాట."

"కంచర గాడిద సార్. తేడా ఉంది."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, వంటింటి వైపు తిరిగి, "నాడీన్, ఇంకో ప్లేటు పెట్టు. మన డార్లా గాడిదను తోలుకొచ్చింది," అని కేకేశారు. అలా ఆ ఇంట్లో నాకు చోటు దొరికింది.

అలబామాలో మా మూల సంగతి ఇంతే. నదికి ఇవతల వింబర్లీ స్టేట్ కాలేజీ, దాని ఫుట్‌బాల్ జట్టు పేరు కొంగలు. అవతల గ్యారిక్ టెక్ కాలేజీ, వాళ్ళు కంచర గాడిదలు. మా ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నేది తక్కువ, చంకలో ఇరికించుకుని మనుషుల్ని గుద్దుకుంటూ పరుగెత్తేది ఎక్కువ. ఆ కాలేజీల్లో ఒక్క రోజు కూడా చదవని వాళ్ళే ఈ జట్ల కోసం ఎక్కువగా కొట్టుకుంటారు. మామగారు హైస్కూలు దాటలేదు. నేనూ అంతే. అయినా ఆయన కొంగే, నేను గాడిదనే, పుట్టుకతో.

తాతల కాలం నుంచి నవంబరు ఆఖరి శనివారం ఈ రెండు జట్లూ ఒకదాంతో ఒకటి ఆడేవి. ఆ వారం పొడుగునా నది మీది వంతెన ఎక్కితే తిట్లే తిట్లు. తరవాత మా టెక్ వాళ్ళకి డబ్బున్న పెద్ద కాలేజీ జట్ల కూటమి నుంచి పిలుపొచ్చింది. వెళ్ళిపోయారు. వెళ్ళాక, "మా కూటమిలో ఆటలే బోలెడు, స్టేట్‌తో ఆడటానికి షెడ్యూల్‌లో చోటు లేదు," అన్నారు. చోటు లేకపోవడమేమిటి, అబద్ధం! ఏటా రెండు మూడు శనివారాలు ఊరూ పేరూ లేని బక్క కాలేజీలను పిలిచి, చితక్కొట్టి పంపించేవాళ్ళు. స్టేట్‌తో ఆడితే ఓడిపోతామేమోనని భయం. ఓడితే డిసెంబరులో ప్లేఆఫ్‌కి, అంటే దేశ విజేతను తేల్చే ఆఖరి పోటీలకి, జట్లను ఎంచే కమిటీ ముందు పరువు పోతుందని ఇంకా భయం. నేను టెక్ వాణ్ణి కాబట్టి చెప్తున్నాను, అది పిరికితనమే.

ఇక ఆ కమిటీ. మంచి కోట్లు వేసుకున్న పెద్దమనుషులు ఓ హోటల్లో కూర్చుని, ఎవరు ప్లేఆఫ్ ఆడాలో తేలుస్తారు. స్టేట్ ఎన్ని ఆటలు గెలిచినా వాళ్ళ దగ్గర ఒకే మాట: "వీళ్ళు గట్టి జట్టుతో ఎప్పుడు ఆడారు గనక?"

ఈ మాట వింటే మామగారికి అరికాలి మంట నెత్తికెక్కేది. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఆయన ఇళ్ళకి గ్యాస్ నింపే లారీ నడిపారు. సోమవారం మధ్యాహ్నం లారీని రోడ్డు పక్కన ఆపి, బడ్ క్రెన్‌షా రేడియోలో నడిపే ఫోన్ కార్యక్రమానికి ఫోన్ చేసేవారు. ఎవరింట్లో పొయ్యి ఆరిపోయినా సరే, కాసేపు ఆగాల్సిందే. పదవీ విరమణ అయ్యాక, కారు పెట్టే పంచలో కుర్చీ వేసుకుని అక్కణ్ణుంచి మొదలుపెట్టారు. జిల్లా అంతటికీ ఆయన గొంతు తెలుసు.

"స్లోకమ్ బెండ్ నుంచి వెర్లన్, చెప్పండి," అనేవాడు బడ్.

"బడ్, నాకో మాట చెప్పు. మాతో ఆడండ్రా నాయనా అంటే ఆడరు. ఆడకపోతే, ఎవరితో ఆడారు మీరు అని మమ్మల్నే అడుగుతారు. తలుపుకి గడియ పెట్టుకుని లోపల కూర్చుని, పిలిస్తే రాలేదేం అన్నట్టుంది. ఇదేం న్యాయం?"

"పోయిన వారం కూడా ఇదే అన్నారు మిస్టర్ వెర్లన్."

"పోయిన వారం నువ్వు జవాబు చెప్పావా? చెప్పలేదు. అందుకే మళ్ళీ అడుగుతున్నా."

లారీలోనూ ఇదే, చర్చి మెట్ల మీదా ఇదే, పళ్ళ డాక్టరు నోట్లో చెయ్యి పెట్టినప్పుడు కూడా ఇదే. అత్తగారు నాడీన్ ఓసారి, "ఆ కమిటీ వాళ్ళ మీద పడే ఏడుపులో సగం ఇంటి కప్పు మీద పెట్టుంటే ఎప్పుడో బాగుపడేది," అంది. ఆయన, "కప్పు కారుతోందని ఎవరూ నన్ను అవమానించట్లేదుగా," అన్నారు.

మా పెళ్ళి సంగతికొస్తాను. డార్లాకి అది రెండో పెళ్ళి. మొదటిది కోర్టులో జరిగింది, ఓ మంగళవారం పూట, దారినపోయే ఇద్దరిని సాక్షులుగా నిలబెట్టి. అది ఏడాది తిరక్కుండా పెటాకులైంది. అందుకని ఈసారి ఆమెకి ఒక్కటే కోరిక. "నగలొద్దు, ఊరేగింపులొద్దు. చర్చి నిండాలి డోయల్," అంది నాతో. "నేను నడిచొస్తుంటే అటూ ఇటూ మనుషులుండాలి. నా వాళ్ళు."

మా వైపు పెళ్ళికి ముహూర్తం పెట్టేది ఫుట్‌బాల్ షెడ్యూలే. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా శనివారం పెళ్ళి పెట్టుకున్న వాళ్ళని జనం జన్మంతా క్షమించరు. వసంతంలో చేసుకోవచ్చుగా అంటారేమో, నాది సముద్రంలో చమురు బావి మీద ఉద్యోగం. వారాల తరబడి నీళ్ళ మధ్యే ఉంటాను. నా సెలవులు పడింది నవంబరులోనే. మామగారు ఫ్రిజ్ మీద అంటించిన షెడ్యూలు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, వేలితో పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి ఓ చోట ఆగారు.

"ఇదిగో. ఈ శనివారం కొంగలకి ఆట లేదు. ఖాళీ. పెళ్ళి ఆ రోజే," అన్నారు.

"మరి టెక్ వాళ్ళకి ఆట ఉందే," అన్నాను.

"నీ వైపు వాళ్ళు రాకపోతే తిండి మిగులుతుంది. ఇంకా మంచిది."

బ్రదర్ హాలిస్, అంటే మా పాస్టరు, తన డైరీలో రాసుకున్నాడు. ఊరంతా సరేనంది. డార్లా తెల్ల గౌను కుట్టించుకుంది. ఆ ఏడు స్టేట్ ఒక్క ఆటా ఓడలేదు. టెక్ ఒక్కటి ఓడింది. మామగారు గాల్లో తేలిపోతున్నారు.

అంతలో తుపాను వచ్చింది. మా పెళ్ళి శనివారం టెక్‌తో ఆడాల్సిన జట్టు మైదానం నీట మునిగింది, ఆ ఆట రద్దయింది. టెక్‌కి కమిటీ ముందు చూపించుకోవడానికి ఇంకో గెలుపు కావాలి. స్టేట్‌కి గట్టి జట్టొకటి కావాలి. ఇన్నేళ్ళూ షెడ్యూల్‌లో దొరకని చోటు రెండు రోజుల్లో దొరికింది! టీవీ కంపెనీ వాళ్ళు మధ్యవర్తిత్వం చేశారు, రెండు కాలేజీలూ ఊఁ అన్నాయి. టెక్ మాత్రం, "మా మైదానానికే రావాలి," అని షరతు పెట్టింది. స్టేట్ ఒప్పుకుంది. ఆట ఆ ఖాళీ శనివారమే.

వార్త వచ్చిన రోజు జనం మామగారి ఇంటి ముందుకొచ్చి కారు హారన్లు మోగించారు. ఆయన రేడియోలో గొంతు చించుకోబట్టే ఈ ఆట వచ్చిందని అందరి నమ్మకం. ఆయన పంచలో నిలబడి చెయ్యి ఊపారు. తరవాత లోపలికొచ్చి డార్లా మొహం చూసి కుర్చీలో కూలబడ్డారు.

"ఆట రాత్రి పూట ఉంటుంది తల్లీ," అన్నారు. "టీవీ వాళ్ళు పెద్ద ఆటలు రాత్రికే పెడతారు. పెళ్ళి మధ్యాహ్నం రెండింటికి. అందరూ పెళ్ళికొచ్చి, భోంచేసి, అటే వంతెన దాటి వెళ్తారు."

అందరూ అదే అనుకున్నారు. టీవీ వాళ్ళు మాత్రం పెళ్ళి ముందు వారం దాకా నోరు విప్పలేదు. విప్పాక ఏమన్నారంటే, ఆట రెండున్నరకి. రాత్రికి వాళ్ళకి ఇంకో ఆట ఉందట. ఎక్కడో పై అంతస్తులో కూర్చున్నవాడెవడో వేలు కదిపాడు, ఇక్కడ ఓ ఆడపిల్ల పెళ్ళి నలిగిపోయింది. వాడికి తెలీను కూడా తెలీదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

"సాయంత్రానికి మార్చుకుందాం," అంది అత్తగారు.

"సాయంత్రం చర్చిలో ఇంకో కార్యక్రమముంది," అంది డార్లా. "ఆదివారం పొద్దున్నే డోయల్ డ్యూటీకి పోవాలి. అయినా నేను మార్చను. నా పుట్టినరోజులన్నీ వీళ్ళ ఆటల కోసం మార్చారు. అమ్మమ్మ అంత్యక్రియలు ఆదివారానికి జరిపారు. ఇదొక్కటీ మార్చను. రావాలనుకున్నవాళ్ళు వస్తారు."

మర్నాడు స్టేట్ కాలేజీ వాళ్ళే ఫోన్ చేశారు. ఇన్నేళ్ళు ఈ ఆట కోసం అరిచిన మనిషి కదా, మైదానం అంచున జట్టుతో పాటు నిలబడండి అని మామగారిని పిలిచారు. ఆ పిలుపు కోసం ఈ ఊళ్ళో మగాళ్ళు కిడ్నీ అయినా ఇచ్చేస్తారు. నేను పక్కనే ఉన్నాను. ఆయన, "ఆ రోజు మా ఇంట్లో పెళ్ళండి," అని ఫోన్ పెట్టేశారు. ఆ సాయంత్రమంతా పంచలో ఒక్కరే కూర్చున్నారు. డార్లా అది చూసింది. చూసి, తనకి తోచిన అర్థం తను తీసుకుంది.

పెళ్ళి రోజు వచ్చింది. పియానో వాయించాల్సిన ఆవిడకి పొద్దున్నే నడుం పట్టేసింది. ఆ నడుమే మధ్యాహ్నం కొంగల నీలం టోపీ పెట్టుకుని గంతులేస్తూ టీవీలో కనబడిందని తరవాత తెలిసింది. చర్చిలో ముందు రెండు వరసల్లో ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు. వెనక అన్నీ ఖాళీ బల్లలే. వాటికి అత్తగారు కట్టిన రిబ్బన్లు అలాగే ఉన్నాయి. జనం వస్తారేమోనని చూసి చూసి బ్రదర్ హాలిస్ మూడింటికి గానీ పెళ్ళి మొదలుపెట్టలేదు. మా వాళ్ళు ఇంకా ఘనులు. తోడు పెళ్ళికొడుకుగా నా పక్కన నిలబడ్డ మా అన్న రిట్ ఆట వినడానికి చెవిలో రేడియో తీగ పెట్టుకున్నాడు. "తియ్యరా," అని పళ్ళు నూరాను. "ఒక్క నిమిషం, మనవాళ్ళు గోల్ గీత దగ్గరున్నారు," అన్నాడు. మా జట్టుకి ప్రాణంలాంటి బంతి విసిరే కుర్రాడికి మొదట్లోనే మడమ బెణికిందని కూడా వాడే గొణిగాడు. దేవుడి ఎదుట నిలబడి ఆ మాట విన్నాను.

తలుపు తెరుచుకుంది. మామగారి చెయ్యి పట్టుకుని డార్లా నడిచి వచ్చింది. ఎంత అందంగా ఉందో! చూడ్డానికే మనుషుల్లేరు. మామగారి మొహం మాడిపోయింది. అటు చూసి, ఇటు చూసి, ప్రతి బల్లనీ చూసుకుంటూ వచ్చారు. బ్రదర్ హాలిస్, "ఈ అమ్మాయిని ఈ పెళ్ళికి ఎవరిస్తున్నారు?" అని అడిగాడు. మామగారు వెనక్కి తిరిగి చూస్తూ ఉండిపోయారు. పాస్టరు రెండోసారి అడగాల్సి వచ్చింది. అప్పుడు ఉలిక్కిపడి, "నేనూ, వాళ్ళమ్మా," అన్నారు. ఆయన చెయ్యి వదిలి నా చెయ్యి పట్టుకున్న డార్లా చెయ్యి చల్లగా ఉంది. బ్రదర్ హాలిస్ ప్రార్థన ఎన్నడూ అంత పొట్టిగా చేసి ఎరగడు.

విందు చర్చి హాల్లో. పంది మాంసం బార్బెక్యూ, బంగాళదుంప సలాడ్, ఎవరూ తాకని కేకు. పొద్దు వాలాక వంతెన మీద హారన్లు మోగాయి. ఆఖరి క్షణంలో బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్ని స్టేట్ గెలిచింది. మొహాలకి నీలం రంగు పూసుకున్న జనం హాల్లోకి విరగబడ్డారు. మామగారిని భుజాల మీదికి ఎత్తేశారు. "మిస్టర్ వెర్లన్, మీ నోటి చలవే! అయ్యో, మీరు చూడాల్సింది!" అని ఒకటే గోల. నవ్వుతారనుకున్నాను. "దించండ్రా," అన్నారు. దించారు. వెనక తలుపు నుంచి బయటికెళ్ళి, చెత్త డబ్బాల దగ్గర ఒంటరిగా నిలబడ్డారు.

"చూశావా?" అంది డార్లా నాతో. "ఆట చూడలేకపోయానని ఏడుస్తున్నాడు. నా పెళ్ళిలో, ప్రమాణాల టైములో కూడా ఆయన మనసు అక్కడే. రెండుసార్లు అడగాల్సొచ్చింది. అందరూ రాకపోయినా ఓర్చుకున్నా డోయల్. ఆయన వచ్చి కూడా రాలేదు."

నాకూ అలాగే అనిపించింది. తరవాత నేను డ్యూటీకెళ్ళాను. డార్లా తండ్రితో మాట మానేసింది. ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇల్లు రెండు వీధుల అవతలే, అయినా వెళ్ళలేదు.

డిసెంబరు మొదటి ఆదివారం కమిటీ జాబితా చదివింది. అప్పటికి నేను తిరిగొచ్చాను. ఒక్క ఆటా ఓడని స్టేట్ లేదు. రెండు ఓడిన టెక్ ఉంది! ఆ రెండో ఓటమి ఎవరి చేతిలో? స్టేట్ చేతిలోనే. ఓడినవాడు లోపల, ఓడించినవాడు బయట. కోటు వేసుకున్న ఒకాయన టీవీలో చిరునవ్వుతో చెప్పాడు: ఆ రోజు టెక్‌కి బంతి విసిరే కుర్రాడు గాయపడ్డాడు, కాబట్టి ఆ ఆటను అసలు బలానికి కొలతగా తీసుకోలేమట. మిగతా ఆటల్లో స్టేట్ గట్టి జట్లతో ఆడలేదట. మా అన్న రిట్ ఫోన్ చేసి ఈలలేశాడు. "సిగ్గు లేదట్రా?" అని పెట్టేశాను. నా జట్టు ప్లేఆఫ్‌కి వెళ్తుంటే నాకు తల ఎత్తుకోవాలనిపించలేదు. అది దొంగసొత్తు.

మర్నాడు సోమవారం. బడ్ క్రెన్‌షా కార్యక్రమానికి ఆ కోటాయనే ఫోన్లో అతిథిగా వచ్చాడు. జిల్లా మొత్తం రేడియోకి అతుక్కుపోయింది, వెర్లన్ ఏం తిడతాడా అని. మా వంటింట్లోనూ రేడియో పాడుతోంది. డార్లా చిక్కుడు గింజలు వలుస్తోంది. ఆపేయనా అన్నాను. "ఉండనీ. తిట్టనీ. ఆయనకి కావాల్సింది అదేగా," అంది.

"స్లోకమ్ బెండ్ నుంచి వెర్లన్," అన్నాడు బడ్. "తిట్లు మాత్రం వద్దు మిస్టర్ వెర్లన్, పిల్లలు వింటుంటారు."

"తిట్టను," అన్నారు మామగారు. గొంతు నీరసంగా ఉంది. "అయ్యా, తమరిని ఒక్కటి అడుగుతాను. మా వాళ్ళు టెక్‌ని ఓడించిన ఆట, అది లెక్కలోకి వస్తుందా, రాదా?"

"దాన్ని మేం అన్ని కోణాల నుంచి పరిశీలించాం సార్..."

"వస్తుందా, రాదా?"

"మామూలు అర్థంలో అయితే... దానికి పెద్దగా విలువ ఇవ్వలేకపోయాం."

"అలాగే. అయితే ఆ శనివారం నాకు తిరిగి ఇచ్చేయండి."

"అర్థం కాలేదు సార్."

"ఆ రోజు మా అమ్మాయి పెళ్ళండి. చర్చి నిండాలని ఒక్కటే అడిగింది. ఆ డేటు పెట్టింది నేను. ఆ ఆట కావాలని ఏళ్ళ తరబడి అరిచిందీ నేనే. మీరు పెట్టిన ఆట ఊరినంతా లాక్కుపోయింది. నేను నా కూతుర్ని ఖాళీ బల్లల మధ్య నడిపించుకొచ్చానండి. ఒక్కో బల్లా చూసుకుంటూ వచ్చా, ఎవరైనా ఉన్నారేమోనని. పాస్టరుగారు అడిగింది కూడా వినబడలేదు నాకు. తలుపు వైపే చూస్తున్నా, ఇప్పుడైనా ఎవరైనా వస్తారేమోనని. సరే, దేశమంతటికీ ముఖ్యమైన ఆట కదా అని నోరు మూసుకున్నా. ఇప్పుడు దానికి విలువే లేదంటున్నారు. మరి నా బిడ్డ శనివారం ఎందుకు తీసుకున్నారు? తిరిగివ్వండి. జనంతో సహా ఇవ్వండి."

బడ్ గొంతు సవరించుకుని, "చిన్న విరామం," అన్నాడు. ట్రాక్టర్ల ప్రకటన మొదలైంది.

డార్లా గిన్నె పక్కన పెట్టింది. చేతులు తుడుచుకోలేదు, కోటు వేసుకోలేదు. నేను చెప్పులు వెతుక్కునేలోపే వీధిలో ఉంది.

మేం వెళ్ళేసరికి మామగారు పంచలో అదే కుర్చీలో ఉన్నారు, ఫోన్ చెవికి ఆనించుకుని. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అత్తగారు గడప మీద నిలబడి ఉంది. "పెట్టేయమంటే పెట్టరే," అంది డార్లాతో.

"నాన్నా," అంది డార్లా. వెళ్ళి ఆయన మెడ చుట్టూ చేతులు వేసి, బట్టతల మీద మొహం పెట్టుకుంది.

ఆయన ఖాళీగా ఉన్న చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. "అప్పుడే చెప్పాల్సింది తల్లీ. ఏమని చెప్పను, నా నోటి వల్ల వచ్చిన ఆటే అయిపాయె," అన్నారు.

"పెట్టేయ్ నాన్నా, ఇంక చాలు."

"పెట్టను. వాడు జవాబు చెప్పలేదు."

ఫోన్లోంచి ట్రాక్టర్ల పాట సన్నగా వినబడుతోంది. డార్లా మూలనున్న ఇంకో కుర్చీ లాక్కుని ఆయన పక్కన వేసుకుని కూర్చుంది.

"సరే," అంది. "చెప్పేదాకా నేనూ ఉంటాను."